జల్లించిన ఇసుక

పందొమ్మిది వందల ముప్ఫైలలో వ్యవసాయ శాఖవారు మమ్మల్నిద్దరినీ తాత్కాలికంగా పనిలో పెట్టుకుని కలిదిండి పంపారు. ఉప్పుటేటి పోటునీరు ఇసుక నేలలో ఎంత వేగంగా పాకి పొలాలకు చేరుతుందో కొలవడం మా పని. వేసవి చివర ఒకరినే ఖాయం చేసి అక్కడ ఉంచుతామనీ, రెండోవారు ఏలూరు ఆఫీసులో నకళ్లు రాసుకోవాలనీ ఆఫీసరుగారు ముందే చెప్పారు. నాకు ఆ పొలంపనే కావాలి.

నా జోడీ తణుకు వైపు మనిషి. చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోడు. మా ఇద్దరి భోజనం మిషన్ బడి పంతులమ్మగారింట్లో. ఆవిడ చేపల పులుసు అతనికి అడక్కుండానే మళ్లీ వడ్డించేది. నాకు అడిగితే వడ్డించేది. ఆ సంగతి నా డైరీలో చాలా చోట్ల ఉంది.

నేను పొలంలో ఇసుక తెచ్చి, కడిగి, ఎండబెట్టి, ఏలూరులో కొన్న ఇత్తడి జల్లెడతో జల్లించి గాజు గొట్టంలో కూరేవాడిని. పైనుంచి ఉప్పునీరు పోసి, కింద కారిన నీటిలో వెండి నైట్రేట్ చుక్క వేసేవాడిని. ఉప్పు చేరగానే ఆ నీరు పాలలా తెల్లబడేది. ఎన్నిసార్లు చేసినా ఒకటే లెక్క.

అతను అడుగు కోసేసిన కిరసనాయిలు డబ్బాను నేలలోకి దిగ్గొట్టి, చుట్టూ తవ్వి, గడ్డివేళ్లతో, గుల్లలతో సహా ఇసుకను ఎత్తుకొచ్చి, ఆ డబ్బాలోనే ఉప్పునీరు పోసి చూసేవాడు. డబ్బాకో లెక్క వచ్చేది. అయినా నవ్వుతూనే తిరిగేవాడు.

“ఏవండీ, మీ ఇసుక సన్నబియ్యంలా ఉందండీ. ఎసరు పెట్టమంటారా?” అంది ఓ రోజు పంతులమ్మగారు.

“మీరు ఎసరు పెట్టండి, రాళ్లు ఏరడం ఆయన చూసుకుంటార్లెండి,” అన్నాడతను.

ఆఫీసరుగారు వచ్చి పొలంలో గొయ్యి తవ్వించారు. పోటు తగిలాక అందులో ఉప్పు ఎప్పుడు తేలుతుందో చూద్దామన్నారు. నా లెక్కన మర్నాటి సాయంత్రం తేలాలి. తెల్లవారేసరికే తేలింది, అతని డబ్బాల్లో చాలావాటిలో జరిగినట్టే. కుళ్లిన వేళ్లు వదిలిన సందుల్లోంచి నీరు దారి చేసుకుని వచ్చేసింది.

ఆఫీసరుగారు నా గొట్టాన్ని వెలుతురుకేసి పట్టి చూశారు. “చాలా శుభ్రంగా చేశారండీ. కానీ పొలంలో ఇసుకను ఎవరు జల్లించారు?”

నేను పెట్టె సర్దుకుంటుంటే అతను గుమ్మంలో నిలబడ్డాడు.

“ఆ జల్లెడ ఉంచి వెళ్లకూడదటండీ? గుల్లలు ఏరడానికి నాకు పనికొస్తుంది. ఏలూరు ఆఫీసులో మీరు జల్లించేదేముంటుంది?”

“దుమ్ముంటుందండీ,” అని జల్లెడను పెట్టెలో బట్టల మీద పెట్టి తాళం వేశాను.

ఆ తర్వాత ఉప్పునేలల గురించి ఎవరు అడిగినా అతని దగ్గరికే పంపేవారు. మా ఆఫీసుకు వచ్చిన రైతులకు అతని ఇంటి దారి నేనే చెప్పాల్సి వచ్చేది. జల్లెడ ఇప్పటికీ మా వంటింట్లో మేకుకు వేలాడుతోంది. పిండి జల్లిస్తారు. దాన్ని అతనికి ఇచ్చి ఉండాల్సిందని నాకు ఒక్కనాడూ అనిపించలేదు.