తక్కెడ సిస్టరు ఇచ్చే బిరుదు

తక్కెడ సిస్టరుకి మనుషుల పేర్లు గుర్తుండవు, వాళ్లు పుట్టినప్పటి బరువులే గుర్తుంటాయి. పిల్లల ఆరోగ్య కేంద్రంలో ముప్పై నాలుగేళ్లుగా పసివాళ్లని తూచీ తూచీ, ఆవిడ బుర్రలో పేర్లుండాల్సిన చోటంతా గ్రాములు నిండిపోయాయని ఊరంతా నవ్వుకునేది. బస్సు డ్రైవరు వీధిలోంచి పోతుంటే చాలు, కిటికీలోంచి కేక వేసేది.

"ఏమయ్యా కిలోన్నరా! దగ్గు తగ్గిందా?"

ఆయన బస్సాపి మరీ, "తగ్గింది సిస్టరమ్మా!" అని చెప్పి వెళ్లేవాడు. బస్సులోని నలభైమందీ తలలు బయటపెట్టి చూసేవాళ్లు.

ఒకసారి ఎవరి పెళ్లికో వెళ్లి, పెళ్లికూతురి బుగ్గలు నిమిరి, "కిలో ఆరొందలు! ఎంత చక్కగా ఉన్నావే!" అందట. మగపెళ్లివారు అది పెళ్లికూతురికి పెట్టబోయే వెండి సంగతనుకుని భోజనాలయ్యేదాకా ఎదురుచూశారట.

ఇదంతా చిన్న సిస్టరుకి తల కొట్టేసినట్టుండేది. ఆ అమ్మాయి పుట్టిందీ ఆ ఊళ్లోనే, టీకాలు వేయించుకుందీ ఆ కేంద్రంలోనే. నర్సింగు చదివి ఆర్నెల్ల కిందట అక్కడే ఉద్యోగంలో చేరింది. ఉండబట్టలేక ఒకరోజు అడిగేసింది.

"సిస్టరమ్మా, మీసాలొచ్చిన మగాళ్లని అలా పిలిస్తే ఏమనుకుంటారండీ?"

"ఎవడనుకున్నాడు? చెప్పు, వాడి బరువెంతో చెప్తా."

ఆ అమ్మాయి తూకాల పుస్తకం ముందుకి లాక్కుంది. అయితే చిన్న సిస్టరు మనసులో పైకి చెప్పుకోలేని బాధ ఇంకొకటుంది. తనని మాత్రం ఆవిడ "అమ్మాయీ" అనే పిలిచేది. ఊళ్లో అందరి బరువులూ గుర్తుండి, పక్కనే పనిచేసేదాని బరువు మర్చిపోతారా ఎవరైనా?

రెండో చాదస్తం నీళ్ల క్యాన్లది. క్యాన్లు తెచ్చే మనిషి తలుపులో పట్టనంత భారీ ఆకారం. ఏ ఖాళీ రోజునో రమ్మంటే పోయేదానికి, తల్లులతో గది కిటకిటలాడే మంగళవారం, సరిగ్గా పదింటికే రావాలని సిస్టరు హుకుం. ఆయన భుజానికో క్యానుతో "జరగండమ్మా, జరగండి" అంటూ దూరిపోతుంటే చిన్న సిస్టరు పళ్లు నూరుకునేది.

ఎన్ని చాదస్తాలున్నా, పనిలో మాత్రం ఆవిడకి వంక పెట్టడం ఎవరి తరమూ కాదు. చేతులు కడుక్కుని, అరచేతులు రుద్ది వెచ్చబెట్టుకునేది. తక్కెడ పళ్లెంలో మెత్తటి గుడ్డ పరిచి, ముల్లు సున్నా మీదికి తెచ్చేది. అప్పుడే బట్టలు విప్పిన బిడ్డని పడుకోబెట్టి, కాళ్లాడించడం ఆపేదాకా ఊపిరి బిగపట్టి చూసేది. ఆ నిమిషంలో గదిలో దగ్గాలన్నా తల్లులకి భయమే.

ఒక మంగళవారం ఒక చిన్నవయసు తల్లి వచ్చి అందరికీ వెనకగా గోడవైపు తిరిగి కూర్చుంది. బిడ్డని దుప్పట్లో ఎంత చుట్టిందంటే, లోపల ఎవరైనా ఉన్నారా అని అనుమానమొచ్చేట్టుంది. నెలలు నిండకుండా పుట్టిన పాప. పుట్టినప్పుడు కిలో మూడొందల యాభై. పోయిన వారం కిలో తొమ్మిదొందలు. ఈ వారం తూస్తే కిలో తొమ్మిదొందల ఇరవై.

"వారానికి ఇరవై గ్రాములేనా?" అంది సిస్టరు. "ఏం పడుతున్నావు తల్లీ?"

"నా పాలేనండీ. మధ్యమధ్యలో కాసిని నీళ్లు... దాహమేస్తుందని పక్కింటావిడ చెప్పింది."

"పిడికెడు పొట్ట. అందులో నీళ్లకి చోటిస్తే పాలెక్కడికి పోవాలి? ఆరు నెలలదాకా చుక్క నీళ్లొద్దు. మరి ఒంటి వెచ్చదనం తగిలేలా గుండెలకి ఆనించి పడుకోబెట్టుకుంటున్నావా?"

ఆ తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మానేశానండీ. వచ్చినవాళ్లంతా పిల్లికూనలా ఉందని నవ్వుతున్నారు. ఇక్కడికి కూడా ఇంక తీసుకురాను. అందరి ముందూ ఈ తూకం నావల్ల కాదు."

చిన్న సిస్టరుకి భయమేసింది. ఇంత చిన్న బిడ్డ తూకానికి రాకపోతే, ఏం తేడా వచ్చినా కనిపెట్టేదెవరు?

సరిగ్గా అప్పుడే తలుపు మూసుకుపోయినట్టు గది చీకటయింది. పది గంటలు.

"రావయ్యా కిలో మూడొందలూ!" గది దద్దరిల్లేలా అరిచింది సిస్టరు. "క్యాన్లు దించి చేతులు కడుక్కో. మోచేతులదాకా!"

తల్లి తలెత్తింది. "ఆయన్నలా అంటారేమండీ?"

"పుట్టినప్పటి బరువమ్మా అది," అన్నాడాయన సబ్బు నురగతో. ఆ గొంతులో పరమవీరుడి గర్వం. "మా అమ్మ ఇదిగో, ఈ మూల కూర్చునే రెండు నెలలు నన్ను గుండెలకి కట్టుకుని మోసిందట. మీ పాపెంత?"

"కిలో మూడొందల యాభై," అంది తల్లి, వినీ వినపడకుండా.

"నాకంటే యాభై గ్రాములెక్కువా!" ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మో, ఈవిడతో జాగ్రత్తగా ఉండాలి!"

గదంతా నవ్వింది. ఆ తల్లి కూడా నవ్వింది. దుప్పటి ఒక మడత వదులు చేసింది.

"మా పాపనీ అలా పిలుస్తారా?"

"ఊరికే పిలుస్తానా? రెండు కిలోలు దాటాలి. అప్పుడిస్తా బిరుదు."

వారం తిరిగేసరికి ఆ తల్లి అందరికంటే ముందొచ్చి కూర్చుంది. వారమంతా చుక్క నీళ్లు పట్టలేదట. తాను అలసిపోయినప్పుడు పాపని భర్త గుండెల మీద పడుకోబెట్టిందట. ముల్లు ఊగి ఊగి ఆగింది. రెండు కిలోల అరవై.

సిస్టరు పాపని దుప్పట్లో పెట్టి, కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్లి వీధికంతటికీ చాటింది. "కిలో మూడొందల యాభై! చూడండర్రా, మా కిలో మూడొందల యాభై!"

బస్సు హారను మోగింది. ఆ తల్లి తల ఎత్తుకుని, గది మధ్యగా నడిచి వెళ్లింది.

చిన్న సిస్టరుకి అప్పుడు వెలిగింది. బస్సు డ్రైవరు, పెళ్లికూతురు, క్యాన్లాయన... ఆవిడ బరువుతో పిలిచినవాళ్లంతా రెండు కిలోలకి లోపు పుట్టినవాళ్లే. ముప్పై నాలుగేళ్ల కేకలూ ఏ మూలో గోడవైపు తిరిగి కూర్చున్న తల్లి చెవిన పడాలనే. ఇలాంటావిడ పక్కన పనిచేస్తున్నందుకు ఆ అమ్మాయి ఛాతీ పొంగింది. అయినా పాత బాధ ఎక్కడికి పోతుంది?

"సిస్టరమ్మా, మరి నా బరువు?"

"మూడు కిలోల ఆరొందలు," అంది ఆవిడ తడుముకోకుండా. "నిన్ను పిలిస్తే ఎవరికి ధైర్యమొస్తుందే? చేతులు కడుక్కుని తర్వాతి బిడ్డని తీసుకురా."