కంచె మీది నడుములు

“…ఊపిరి బిగబడితే టేపు మోసపోతుందా మావయ్యా? వదులు, ముందు వదులు!”

“వదిలితే ఎంతొస్తుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇలాగే రాసుకో.”

“ఇలాగే రాస్తే ప్యాంటు వేసుకున్నంతసేపూ ఇలాగే ఉండాలి. మరి బస్సెవరు నడుపుతారు?”

బస్సు డిపో స్టోర్స్ గదిలో, బోల్టుల డబ్బాల మధ్య నిలబడి సీనియర్ డ్రైవరు గాలి వదిలాడు. పొట్ట తన చోటికి తాను వచ్చేసింది. టేపు నలభై రెండంగుళాల దగ్గర ఆగింది.

కొలుస్తున్నవాడు స్టోర్స్ గుమాస్తా. డ్రైవరుకి సొంత అక్క కొడుకు. డిపోలో అతన్ని అందరూ ‘దారం’ అంటారు. చిన్నప్పుడు బళ్లో గ్రూపు ఫొటో తీస్తుంటే కాస్త పక్కకి తిరిగాడట, ఇక ఫొటోలో పడనే లేదట. ఆ కథ పుట్టించింది కూడా ఈ మావయ్యే.

దారానికి ఒక జబ్బుంది. వస్తువులు కలగాపులగంగా కనిపిస్తే చేతులు ఊరుకోవు. ఎవరింటికైనా వెళ్లి కాఫీ వచ్చేలోపు ఆ ఇంటి మేకుల డబ్బా సైజులవారీగా సర్దేస్తాడు. స్టోర్స్‌లోకి కంప్యూటరు వచ్చినప్పుడు మిగతావాళ్లు తలలు పట్టుకుంటే, ఇతను మాత్రం పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకుని పండగ చేసుకున్నాడు. కుప్పగా పోసిన అంకెలను కోరిన గదుల్లోకి ఒక్క దెబ్బకి పంచిపెట్టే ఆజ్ఞ ఒకటి అందులో ఉందని తెలిసిన రోజున భోజనం మాటే మర్చిపోయాడు.

ఇప్పుడు పంచాల్సినవి నడుములు. డిపోలో అందరికీ కొత్త ప్యాంట్లు కుట్టిస్తున్నారు. ఎవరి కొలత ఎంతన్నది కుట్టు కేంద్రానికి అక్కర్లేదు, ఏ సైజులో ఎన్ని కావాలో చెబితే చాలు. దారం ముప్పై, ముప్పై నాలుగు, ముప్పై ఎనిమిది, నలభై రెండు, యాభై దగ్గర కంచెలు పాతాడు. మధ్యలో నాలుగు గదులు: స్మాల్, మీడియం, లార్జ్, ఎక్స్‌ఎల్.

“నలభై రెండు ఏ గదిలో పడుతుందిరా?” డ్రైవరు గొంతు తగ్గించాడు.

“ఎక్స్‌ఎల్.”

డ్రైవరు తలుపు దగ్గరగా వేశాడు. కుట్టు కేంద్రంలో కటింగు చూసేది అతని భార్య. ఎక్స్‌ఎల్ వచ్చిందో, ఇంట్లో తీపి బందని ఆవిడ ముందే తేల్చి చెప్పింది. బస్సు పనిముట్ల పెట్టెలో స్పానర్ల కింద మిఠాయి దాచుకునే మనిషికి అది మామూలు దెబ్బ కాదు.

“కంచె మీద ఉన్నవాడు పై గదిలోకే పోవాలని ఎవడు చెప్పాడు?”

“నేనే రాశాను మావయ్యా.”

“మరింకేం? కింది గదిలోకి పోవాలని రాయి. దొంగ కొలత రాయమనడం లేదుగా!”

దారం ఆలోచించాడు. నిజమే, కొలత మారదు. ఆజ్ఞ చివర ‘రైట్’ అని ఒక మాటుంది. దాని పక్కన ‘ఫాల్స్’ అని ఉంటే కంచె మీది అంకె పై గదికి, ‘ట్రూ’ అని ఉంటే కింది గదికి. పైగా మావయ్యను ఆదుకునే అవకాశం రోజూ రాదు. ఫాల్స్ తీసి ట్రూ పెట్టాడు. నలభై రెండు బుద్ధిగా లార్జ్‌లోకి దిగింది. గదుల లెక్క కుట్టు కేంద్రానికి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు అత్త బస్తాలతో సహా డిపోకి వచ్చి తానే ప్యాంట్లు పంచింది. ఆ పూట డిపో అంతా ఒకటే సంబరం. కంచెల మీదున్న వాళ్లందరూ ఓ సైజు కిందికి దిగారు కదా! మెకానిక్ ఒకడు తన మీడియం ప్యాంటుని జెండాలా ఊపుకుంటూ తిరిగాడు. టికెట్ల కౌంటరావిడ తన పొద్దుటి నడకే ఇందుకు కారణమని ముగ్గురికి సలహాలు కూడా ఇచ్చింది. డ్రైవరు లార్జ్ తొడుక్కొచ్చి, భార్య ముందు నిటారుగా నిలబడ్డాడు.

“చూశావా?”

“చూస్తూనే ఉన్నాను. మాట్లాడేటప్పుడు కాస్త ఊపిరి కూడా తీసుకోండి” అందావిడ.

బస్తాలు ఖాళీ అయ్యాయి. దారానికి మాత్రం ప్యాంటు లేదు.

“నీ సైజేంట్రా?” అంది అత్త.

“స్మాల్ అత్తా. ముప్పై.”

“స్మాల్ అన్నీ లెక్క ప్రకారమే తెచ్చానే!”

దారం స్టోర్స్ గదిలోకి వెళ్లి కంప్యూటర్లో జాబితా తెరిచాడు. వెనకే అత్తా వచ్చింది. తన పేరు పక్కన సైజు ఉండాల్సిన చోట ఎన్, ఏ, ఎన్ అని మూడక్షరాలు. అంటే ఏ గదికీ చెందనివాడని. కంచె మీదున్న ప్రతివాడూ కింది గదిలోకి దిగాడు. మొట్టమొదటి కంచె మీదున్న తనకు కింద గదే లేదు. మొదటివాణ్ణి కూడా కలుపుకోమని ఆజ్ఞలో విడిగా చెప్పాలి. మావయ్యను గట్టెక్కించే తొందరలో ఆ సంగతే మర్చిపోయాడు.

అంతలో బయట నిలిపిన బస్సులోంచి టక్కుమని చప్పుడైంది. కాసేపటికి డ్రైవరు నడుము దగ్గర రెండు చేతులూ అదుముకుని లోపలికొచ్చాడు. నిలబడ్డంతసేపూ సర్దుకుపోయిన గుండీ, సీట్లో కూర్చోగానే ఎగిరి ముందద్దానికి తగిలింది.

అత్త మొగుడి చేతుల వంక చూసింది. తర్వాత మేనల్లుడి ముఖం వంక చూసింది.

“ఏరా, ఏం మార్చావు?”

మావయ్య పైకప్పు వంక చూస్తున్నాడు. దారం తెర ఆవిడ వైపు తిప్పి మొత్తం చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, టేపు మెళ్లో వేసుకుని, ఖాళీ బస్తాలు మడిచి చంకలో పెట్టుకుంది.

“ఆ మాట మళ్లీ ఫాల్స్ చెయ్యి. నీకు స్మాల్, ఈయనకి ఎక్స్‌ఎల్, ఆ సన్నబడ్డ వాళ్లందరికీ ఎవరివి వాళ్లకి కుట్టిస్తాను” అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. “ఇంట్లో తీపి మానను. రోజూ చేస్తాను. వీడి నడుము ముప్పై రెండు అయ్యేదాకా మీ వాటా వీడికి. డబ్బాలో పెట్టి ఇస్తాను, తెచ్చి ఇచ్చేది మీరే.”