గెలాక్సీల గుంపు అంచున మరక

ఎనభైల్లో, విశాఖలో నా పరిశోధనంతా ఒక మరక మీద నిలబడి ఉండేది. వందల గెలాక్సీలు గుంపు కట్టిన చోట, ఆ గుంపు అంచున, ఏ గెలాక్సీ లేని ఖాళీలో, రేడియో తరంగాల పలచటి వెలుగు. రెండు గుంపులు ఢీకొన్నప్పుడు లేచిన అల అక్కడి కణాలను మళ్లీ రెచ్చగొట్టిందని నా వాదన. మా గైడు గారు ఒక్క ముక్క నమ్మలేదు.

“అది పరికరం తప్పమ్మా. సెమినార్‌లో నిరూపించలేకపోతే వేరే అంశం చూసుకో,” అనేశారు. ఏళ్ల తరబడి చాకిరీ! ఎంత తేలిగ్గా అన్నారో!

మా రేడియో పటాలను ట్రేసింగ్ కాగితం మీద సిరాతో గీసిచ్చే డ్రాఫ్ట్స్‌మన్ పెందుర్తి నుంచి బస్సులో వచ్చేవాడు. పనిలో మహా శుభ్రం. ఎక్కడైనా సిరా చుక్క కనిపిస్తే బ్లేడుతో గీకి పారేస్తేగాని ఊరుకోడు. సెమినార్ కోసం ఆయన గీసిన పటానికి అంచు మరక తాలూకు గీతలు మాత్రం నేనే చివర్లో, నా వంకర చేత్తో చేర్చాను. సెమినార్ రోజు పొద్దున్న చూద్దును కదా, అవి లేవు!

“ఏటి బాబాయ్, ఈ అంచున గీతలేవీ?”

“అవి గీతలా? సిరా ఒలికిపోనాదనుకున్నానమ్మా. గీకీసినాను. సూడు, ఎంత నీటుగా ఉన్నాదో!”

అరికాలి మంట నెత్తికెక్కింది. “నీ నీటు తగలెయ్యా! నా థీసిసే గీకీసినావు కదా!”

పాపం, ఆయన ముఖం పాలిపోయింది. గీకిన చోట మళ్లీ గీస్తే సిరా పాకిపోతుంది, కొత్తది గీయడానికి టైము లేదు. వేరే టెలిస్కోపుతో, వేరే పౌనఃపున్యంలో తీసిన పటం ఒకటి, అదే కొలతలో ఉన్నది, ముందురోజే పోస్టులో వచ్చి నా దగ్గరుంది. రెండూ పట్టుకుని మొండిగా వెళ్లాను.

అందరి ముందూ రెండు పటాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి నొక్కిపట్టాను. బ్లేడుతో గీకగా పలచబడ్డ చోటు ఎండకు తెల్లగా వెలిగింది. “నా గీతలుండింది ఇక్కడే,” అని చూపించాను. రెండో పటంలోని మరక సరిగ్గా అందులో కూర్చుంది. వేరే పరికరం, వేరే తరంగం, అదే చోటు! రెండు పరికరాలు కూడబలుక్కుని ఒకే తప్పు చేస్తాయా?

బయటి ఊరి నుంచి వచ్చిన ప్రొఫెసర్ అద్దం దగ్గరకొచ్చి చాలాసేపు చూశారు. “ఇది నిజమే,” అన్నారు. నాకు గంతులేయాలనిపించింది.

మా గైడు గారు గొంతు సవరించుకున్నారు. “మేం మొదట్నుంచీ అదే అంటున్నామండీ. ఇది మా ఇద్దరి ఆవిష్కారం.”

“ఇద్దరిదీ కాదండీ,” అన్నాను, గదంతా వినపడేలా. “నాది.”