ఆమె పెట్టని సంతకం

చుట్టుపక్కల చేపల చెరువుల వాళ్లందరికీ ఆమె ‘ఏదీ చూపించక్క’. మేత బస్తా దిగినా, చేపపిల్లల డబ్బా వచ్చినా ఆమె నోట మొదట వచ్చే మాట అదే: "ఏదీ, చూపించు." బస్తా మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్న మేత తీసి వాసన చూస్తే గానీ ఒప్పుకునేది కాదు. ఎదురుగా నవ్వేవాళ్లు తక్కువ, వెనక నవ్వేవాళ్లు ఎక్కువ.

ఆ గుణం ఊరికే అబ్బలేదు. ఆమెకు పన్నెండేళ్లప్పుడు వాళ్ల నాన్న ఎవరో చూపించిన కాగితం మీద, చదివించుకోకుండానే వేలిముద్ర వేశాడు. ఏడాది తిరక్కుండా మూడు చెరువుల్లో పెద్దది పరాయిదైపోయింది. మిగిలిన రెండింటినీ కూతురికొకటి, కొడుక్కొకటి రాసిచ్చి ఆయన కన్నుమూశాడు. అక్కాతమ్ముళ్ల చెరువుల మధ్య ఒకటే గట్టు. ఆ గట్టు ఎవరిదన్న విషయంలో ఇద్దరికీ ఇరవై ఏళ్లుగా పేచీ.

అలాంటి మనిషి చెరువు మీదికి ఒక ఉదయం ఇద్దరు టేపు పట్టుకుని వచ్చారు. ఒకరు చిన్న చేపల రైతులకు గ్రాంటు ఇచ్చే ఆఫీసు నుంచి వచ్చిన అధికారిణి, రెండో అతను సర్వేయరు.

"చెరువు కొలవాలమ్మా. మీ దరఖాస్తు అందింది," అంది అధికారిణి.

"నేనే దరఖాస్తూ పెట్టలేదే."

"పెట్టారు. ఏరేటర్ల కోసం. నీళ్లు చిమ్మి గాలి కలుపుతాయే, ఆ మోటారు చక్రాలు. తిరిగి కట్టక్కర్లేదు కూడాను."

తిరిగి కట్టక్కర్లేదు అన్న మాటతో ఆమెకు అనుమానం పట్టుకుంది. ఊరికే దొరికిన పురుగు కింద గాలం ఉంటుందని ఆమెకు చేపలే నేర్పాయి. టేపు గట్టు మీద వాలనివ్వలేదు. వచ్చిన వాళ్లు వచ్చిన దారినే పోయారు.

ఆ తర్వాత ఆమెకు వంట చేస్తున్నా, మేత చల్లుతున్నా ఒకటే ఆలోచన. చెరువు తన పేర ఉంది. తన పేరుతో కాగితం పెట్టాల్సిన అవసరం ఎవరికుంది? కొలతలు ఎవరికి కావాలి? పోయిన నెలలో తమ్ముడు గట్టు మీద అటూ ఇటూ అడుగులేసుకుంటూ నడవడం చూసింది. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడా అడుగులన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

మర్నాడు ఐసు దుకాణం ముందు తమ్ముడు కనిపించాడు. చేపల పెట్టెల్లో ఐసు నింపిస్తున్నాడు. పది మంది ఉన్నారు.

"నాన్న చెరువు పోగొట్టినవాడు పరాయివాడు. నువ్వు వాడికంటే ఘనుడివిరా, ఇంట్లోంచే మొదలెట్టావు," అంది.

"ఏంటక్కా నువ్వనేది?"

"నా సంతకం ఎక్కడ నేర్చుకున్నావు?"

తమ్ముడు పార కింద పెట్టాడు. ముఖం పాలిపోయింది. సగం నిండిన పెట్టెలు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్నాడని ఆమె అనుకుంది.

రుజువు కోసం బస్సెక్కి ఆఫీసుకు వెళ్లింది. ఆ అధికారిణి ముందు కూర్చుని, "ఏదీ, చూపించండి," అంది.

అధికారిణి ఫైలు తీసి ఆమె ముందుకు జరిపింది. దరఖాస్తులో అబద్ధం ఒక్కటీ లేదు. చెరువు పొడవు, వెడల్పు, పోయిన ఏడాది మబ్బు పట్టిన రోజుల్లో గాలాడక తేలిపోయిన చేపలు, అన్నీ ఉన్నాయి. ‘తెల్లవారుజామున రైతు స్వయంగా నడుంలోతు నీళ్లలో దిగి గడకర్రతో నీళ్లు కొట్టవలసి వస్తున్నది. ఆమెకు ఆయాసం ఉన్నది’ అని రాసుంది. అక్షరాలన్నీ వెనక్కి వాలి ఉన్నాయి. ఇంటి సరుకుల చీటీలో పాతికేళ్లుగా చూస్తున్న రాత అది. ఆమె మొగుడిది.

ఎదురుగా అధికారిణి అడుగుతోంది: "సంతకం మీదేనా అమ్మా? మీదైతే ఈ వారమే మంజూరుకు పంపుతాను. కాదంటే రద్దు చెయ్యాలి. మళ్లీ దరఖాస్తులు వచ్చే ఏడాదే."

అవునంటే చక్రాలొస్తాయి. కానీ తను పెట్టని సంతకాన్ని తనదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"నాది కాదు. రాసింది నా ఇంటి మనిషే, మోసానికి కాదు. రద్దు చెయ్యండి," అంది.

ఇంటికొచ్చేసరికి మొగుడు వల అల్లుతున్నాడు. చెప్పకముందే తల వంచుకున్నాడు.

"నన్నొక్క మాట అడగొచ్చుగా," అంది.

"అడిగితే ఒప్పుకునేదానివా? పెళ్లైన కొత్తలో నేను జీతం తెచ్చిస్తే నోట్లు వెలుతురుకు పెట్టి చూశావు. నేను నవ్వాను కానీ, మర్చిపోలేదు."

"అయినా నా సంతకం మీరు పెట్టకూడదు," అంది. "పెట్టకూడదు," అని ఆయనా ఒప్పుకున్నాడు.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. తమ్ముడి ఇంటికి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ మరదలు గుమ్మంలోనే నిలబడి, "ఇంట్లో లేరు వదినా," అంది. లోపల అతని దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆ ఏడు మబ్బులు తొమ్మిది రోజులు విడవలేదు. చెరువులో మూడో వంతు చేపలు తెల్లగా తేలాయి. తట్టలతో ఎత్తి పోస్తున్నప్పుడు మొగుడు ఒక్క మాట దెప్పలేదు. దెప్పితేనే బాగుండునని ఆమెకనిపించింది.

మరుసటి ఏడు ఆమే దరఖాస్తు పెట్టింది. మూడుసార్లు చదువుకుని, ఖాళీగా ఉన్న చోటల్లా అడ్డంగా గీత కొట్టించి సంతకం చేసింది. ఆ విడతలో పన్నెండు మందికి మంజూరైంది, అందులో తమ్ముడూ ఉన్నాడు. ఆఫీసు కుదిర్చిన డీలరు చక్రాలు లారీలో దింపి, ముట్టినట్టు సంతకం పెట్టమన్నాడు.

"ఏదీ, మోటారు మూత విప్పు."

"కంపెనీ సీలమ్మా, విప్పకూడదు."

"అయితే నీ చక్రాలు నువ్వే తీసుకుపో."

గొణుక్కుంటూ విప్పాడు. పైన కొత్త రంగు. లోపల తీగల మీద మాడిన మచ్చలు, మరల చుట్టూ తుప్పు. ఎవరో వాడి పారేసిన మోటారుకు రంగేసి తెచ్చారు. ఆమె అధికారిణికి ఫోను చేసి, ఆవిడ వచ్చేదాకా లారీ ముందు బల్ల వేసుకుని కూర్చుంది. అప్పటికే సంతకాలు పెట్టేసిన వాళ్లు ఒక్కొక్కరే వచ్చి, మాదీ చూడమన్నారు. సాయంత్రానికి నాలుగు పాతవి తేలాయి.

అందరూ అయ్యాక తమ్ముడొచ్చి నిలబడ్డాడు. ఏడాదిగా అతని గొంతు వినలేదామె.

"అక్కా, నాదీ ఒకసారి చూడు."

ఆమె స్క్రూడ్రైవరు అందుకుని, అతని వైపు చూడకుండానే అంది: "నువ్వు గట్టు మీద అడుగులెయ్యడం చూసి అనుమానపడ్డాను. ఐసు దుకాణం దగ్గర నేనన్నది తప్పురా. పది మందిలో అన్నాను. పది మందిలోనే చెప్తున్నా."

తమ్ముడు తన మోటారును ఆమె ముందుకు జరిపాడు.

"ఆ రోజు గట్టు మీద అడుగులేసింది కొలవడానికే. గండి పడేలా ఉంది, ఎంత మట్టి పడుతుందో చూద్దామని. నిన్నడిగితే మళ్లీ గట్టు పేచీ వస్తుందని అడగలేదు," అన్నాడు. కాస్త ఆగి, "మూత విప్పు ముందు," అని లైటు పట్టుకున్నాడు.

అతని మోటారు కొత్తదే. డీలరుకు ఆ పని తీసేశారు, నాలుగు మోటార్లూ నెలలోపు మార్చి ఇచ్చారు. ఆ వానాకాలం అక్కాతమ్ముళ్లు గట్టుకు చెరో పక్క నుంచి మట్టి పోయించారు. గట్టు ఎవరిదన్నది మాత్రం ఇంకా తేలలేదు.