గంట మోత ఆగిన చోటు

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే సదానందానికి అరవై ఆరేళ్ళు. అందులో ముప్పై నాలుగేళ్ళు ఆయన జానీ మియా పక్కన కూర్చునే నేశాడు. వెడల్పాటి జంపఖానాను ఒక్కడు నేయలేడు. ఒకే మగ్గం ముందు ఇద్దరు కూర్చుని, పడుగు దారాల నడుమ పేకను దాటించి, ఎవరి సగాన్ని వారు దువ్వెనలాంటి ఇనుప పంజాతో దిగగొట్టాలి. రెండు దెబ్బలూ సమానంగా పడితేనే చారలు తిన్నగా దిగుతాయి. ఆ సమత్వాన్ని కొలవడానికి పనిముట్టు అంటూ ఏదీ లేదు. పక్కవాని పంజా చప్పుడు వింటూ తన దెబ్బను దిద్దుకోవడమే వారి పద్ధతి.

నిరుటి వానకాలంలో ఒక పెద్ద జంపఖానా సగానికి వచ్చేసరికి చారలు ఒరగసాగాయి. సదానందం వైపు దిగి, మియా వైపు ఎత్తుగా నిలిచాయి. ఒక ఉదయం చాయ్ హోటల్ అరుగు మీద పదిమంది నేతగాళ్ళు కూర్చుని ఉండగా సదానందం నోరు జారాడు.

“నీ చేతుల సత్తువ లేదు మియా. పంజా కొడ్తానవో, ఈగలు తోల్తానవో తెల్వదు. ఇంట్ల కూసో ఇగ.”

అరుగంతా నవ్వింది. జానీ మియా గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. తన పంజా కోసమైనా మళ్ళీ మగ్గం దగ్గరకు రాలేదు.

ఆరు నెలలు గడిచాయి. సగం నేసిన జంపఖానా మగ్గం మీదనే నిలిచిపోయింది. సదానందం ఒక్కరు కూర్చునే చిన్న చిన్న ఆసనాలు ఒంటరిగా నేసుకుంటున్నాడు. ఎదలో ఏదో బరువు మొదలైంది. భార్య రాజక్క పట్టుబట్టి దవాఖానకు తీసుకుపోయింది. పరీక్షలన్నీ చేసి, గుండెకు ఫికర్ లేదు, పొద్దున్నే నాలుగడుగులు నడవమన్నారు. నడవబోయిన పార్కులో యోగాభ్యాసం కనిపించింది. నేర్పేది యమున, బడిలో వ్యాయామం చెప్పి రిటైరైన టీచరు. తన ఎదలోని బరువు సంగతి సదానందం ఆమెతోనూ చెప్పుకున్నాడు.

ఆ వారం యమున అనాహత చక్రాన్ని గురించి చెబుతున్నది. యోగశాస్త్రం చెప్పే ఏడు చక్రాలలో అది నాలుగవది. కింద మూడు, పైన మూడు. నడుమ హృదయస్థానంలో నిలిచి రెండు వైపులా తూకం కాచేది అదే. దాని తత్త్వం వాయువు. దెబ్బ తగలకుండానే మోగే నాదం అక్కడ వినబడుతుందని పెద్దలంటారు.

“కొట్టకుంట మోగుడేంది మేడం?” అన్నాడు సదానందం. “మా ఇంట్ల కొట్టకుంటే జంపఖానానే లేదు.”

యమున నవ్వింది. “గందుకే ఇనమంటాన. ఇచ్చుడొక్కటే కాదు, తీసుకునుడు గూడ రావాలె. రెండూ సమానముంటేనే అది సక్కగున్నట్టు.”

“నేను ఇచ్చుట్ల ముందే ఉన్న. మా జతగాణ్ణి ఎప్పుడో మాఫ్ చేసిన. అయినా బరువు పోతలేదు.”

“ఆయన మాఫీ అడిగిండా?”

“లేదు.”

“అడగనిది ఎట్ల ఇచ్చిన్రు?”

సదానందం చాప సవరించుకున్నాడు.

యమున ఒక చిన్న కంచు గంట తీసింది. కళ్ళు మూసుకొని దాని మోత వినాలని, పూర్తిగా ఆగిందనిపించినప్పుడు చెయ్యెత్తాలని, తరువాత మిగిలే నిశ్శబ్దంలో మనసును ఎద దగ్గర నిలపాలని చెప్పింది. గంట మోగింది. కాసేపటికి సదానందం చెయ్యెత్తాడు. అందరికంటే ముందుగా ఎత్తానన్న సంబరంతో కళ్ళు తెరిచాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. ఇరవై మందీ కళ్ళు మూసుకొని ఇంకా వింటూనే ఉన్నారు. తనకు లేని ఆ మోత వారందరి ముఖాలలో కనబడుతున్నది.

ఆయన చెయ్యి మెల్లగా దించుకున్నాడు.

టీవీ చప్పుడు తగ్గించమని రాజక్క ఏడాదిగా మొత్తుకోవడం గుర్తొచ్చింది. ఇంటికి పోగానే, తామిద్దరూ ఏనాడో నేసిన పాత జంపఖానాను పరిచి పేకలు లెక్కించాడు. రెండు సగాల్లోనూ అంగుళానికి పద్నాలుగు. మగ్గం మీది దాన్ని లెక్కించాడు. మియా వైపు పద్నాలుగే. తన వైపు పదిహేడు. మియా చెయ్యి తగ్గలేదు. తన దెబ్బ తనకు వినబడక, తానే నానాటికీ గట్టిగా కొడుతూ వచ్చాడు.

“ఏంది, గట్ల కూసున్నవ్?” అన్నది రాజక్క.

“ఈగలు తోలింది మియా కాదే,” అని చెప్పులు తొడుక్కున్నాడు.

మియా ఇంట తలుపు తీసింది ఆయన భార్య సుగ్రా బేగం. “ఏం భాయ్, తొవ్వ మర్సిపోయి వచ్చినవా?” అంటూనే లోపలికి దారిచ్చింది. జానీ మియా నవారు మంచం బిగిస్తున్నాడు; తలెత్తలేదు.

“మియా, తప్పు నాది. నాకు సక్కగ ఇనబడ్తలేదు. నా దెబ్బనే బరువైంది.”

“ఎరుకే.”

“ఎరుకైతే చెప్పొద్దా?”

“మూడు సార్లు చెప్పిన. ధీరే కొట్టు, మెల్లగ కొట్టు అని. నువ్వు ఇనలే.”

సుగ్రా బేగం కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. మియా నవ్వలేదు.

“ఇది ఇంట్ల చెప్పే మాట కాదు సదానందం. అరుగు మీద అన్నవ్. అరుగు మీదనే చెప్పాలె.”

ఆ మాట మాత్రం సదానందానికి ఒక్కసారి చెప్పగానే వినబడింది.

మరునాడు ఉదయం అదే అరుగు, దాదాపు ఆ మనుషులే. మియా ఒక మూలన కూర్చున్నాడు. చెవుడన్న సంగతి బయటపడితే, ఇక తన పక్కన కూర్చుని నేయడానికి ఎవరు ఒప్పుకుంటారన్న భయం సదానందాన్ని ఒక క్షణం పట్టి ఆపింది. అయినా లేచి నిలబడ్డాడు.

“ఆ జంపఖానా ఒరిగింది మియా చేతితోని కాదు. నా చెవులతోని. ఆయన చెప్పినా నేను ఇనలే. అనరాని మాట అన్న.”

“జర గట్టిగ చెప్పన్నా,” అన్నాడు కట్టయ్య అనే నేతగాడు. “నీకు ఇనబడాలె గదా!”

అరుగంతా గొల్లుమన్నది. ఆరు నెలల కింద మియా ఒక్కడే మోసుకుపోయిన నవ్వు అది. సదానందం తల దించుకోలేదు, కూర్చోనూ లేదు. నవ్వు పూర్తిగా సద్దుమణిగేదాకా నిలబడే ఉన్నాడు.

జానీ మియా చాయ్ తాగడం ముగించి లేచాడు. “పోదాం పా. ఒరిగినకాడికి పేకంత ఇప్పాలె.”

మగ్గం దగ్గర మియా పంజా పెట్టిన చోటే ఉన్నది. సాయంత్రందాకా ఇద్దరూ జానెడున్నర పేక విప్పారు. మళ్ళీ నేయడానికి కూర్చున్నప్పుడు మియా కొంచెం దగ్గరకు జరిగాడు. “చెవుల మిషన్ వచ్చేదాంక నా మోచెయ్యి తగిల్నప్పుడే కొట్టు. సొంత తెలివి వాడకు,” అన్నాడు.

రెండు రోజుల తరువాత పార్కుకు వచ్చిన సదానందాన్ని, ఎదలో బరువు తగ్గిందా అని యమున అడిగింది. ఆయన చాప పరుచుకున్నాడు.

“చూసుకోలే మేడం,” అన్నాడు. “పేక ఇప్పుట్ల పడ్డ.”