పేరు కొట్టించని పెంక

మా మేనత్త పోయిందన్న కబురు శుక్రవారం పొద్దున వచ్చింది. కామారెడ్డిలో, మా వంటింట్లో, పప్పుకు పోపు పెడుతున్నాను. ఎల్లారెడ్డి నుంచి ఫోన్ చేసింది ఆమె కోడలు. నేను అక్కా అని పిలుస్తాను. "అత్తమ్మ లేస్తలేదు చెల్లె. ఎంత పిలిచినా లేస్తలేదు," అన్నది. ఆ తర్వాత అంతా ఏడుపే. స్టవ్ కట్టేశాను. ఆవాలు మాత్రం ఇంకాసేపు చిటపటలాడుతూనే ఉన్నాయి. వాటి మీద కూడా నాకు కోపం వచ్చింది.

ఆదివారం నేను వెళ్లి ఆమెను కామారెడ్డి తీసుకురావాలని మా మధ్య మాట. ఆ వారమే ఫోన్ చేసి, "గిన్నెల దుకాణం అయితారం తెరుస్తడా బిడ్డా?" అని అడిగింది. తెరుస్తాడన్నాను. "అయితే వచ్చి నన్ను తోల్కపో," అన్నది. గొంతులో ఏదో సంబరం. ఎందుకని అడిగితే చెప్పలేదు.

మా ఇంట్లో ఏ ఆడపిల్ల పెళ్లి కుదిరినా, బంగారానికి ఎవరు వెళ్లినా సరే, గిన్నెలకు మాత్రం మేనత్త రావాల్సిందే. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని మరీ దిగేది. ఆమెను చూడగానే దుకాణం సేటు మొహంలో నవ్వూ భయమూ రెండూ కనబడేవి. మెరుపు ఆమె కంటికి ఆనేది కాదు. "మెరుపుకేముంది, నాలుగు సార్లు తోమితే పోతది," అనేది. మేం ఫ్రైపాన్ అనేదాన్ని ఆమె స్టీలు పెంక అనేది. దాన్ని బల్ల మీద పెట్టి అంచు నొక్కేది. ఊగితే ఇక దాని మొహం చూసేది కాదు. ఊగకపోతే తిరగేసి వేలి కణుపుతో కొట్టేది. గంటలా మోగితే పలుచన అన్నట్టు. తలుపు తట్టినట్టు మొద్దుగా పలికితే అప్పుడు చేతిలోకి తీసుకుని, కాడను బిగించిన మేకులను గోటితో తడిమి చూసేది. "అడుగు మందం లేకుంటే నడుమ మాడ్తది, అంచులు పచ్చిగుంటయ్. గప్పుడు మీ అత్త పెంకనంటదా, నిన్నంటదా?" అని పెళ్లికూతురిని నిలదీసేది.

నా పెళ్లికి అలా ఎంచి ఇచ్చిన పెంకలో నేను మొదటిసారి పోసిన కోడిగుడ్డు అట్టు అడుగుకు అంటుకుపోయింది. గీకి గీకి చివరికి ఏడుస్తూ ఆమెకు ఫోన్ చేశాను. మరునాడే బస్సు దిగింది. ఖాళీ పెంకను పొయ్యి మీద పెట్టి నన్ను పక్కన నిలబెట్టుకుంది. చేయి తడిపి ఒక చుక్క విదిల్చింది. అది సుయ్‌మని ఆవిరైపోయింది. "ఇంక కాగలే." కాసేపాగి మరో చుక్క. ఈసారి అది ముత్యంలా పెంకంతా పరుగెత్తింది. "గిప్పుడు మంట తగ్గిచ్చి నూనె పొయ్యి." అట్టు పోశాక నా చేతిలోంచి అట్లకాడ లాక్కుంది. "గీకకు. కాలినంక అదే ఇడుస్తది. నువ్వు ఊకె నిలబడు." ఊకె నిలబడడం నాకు నేర్పింది ఆమే. ఇప్పటికీ సరిగ్గా రాలేదు.

మా దగ్గర గిన్నె కొంటే పేరు కొట్టించనిదే ఎవరూ దుకాణం దిగరని మీకు తెలిసే ఉంటుంది. అందులో రెండు రకాలు. వండుకునే మనిషికైతే ఉత్త పేరు. దినాల నాడు చుట్టాలకు పంచే గిన్నెల మీదైతే పోయినవాళ్ల పేరు, దాని పైన జ్ఞాపకార్థం అన్న మాట. మేనత్త ఇంట్లో ఆ రెండో రకం గిన్నెలు అటక నిండా ఉండేవి. ఒక్కదాంట్లోనూ వండేది కాదు. "వాళ్లు కండ్లల్ల మెదులుతరే," అనేది.

పోయినేడు ఆమెకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, చేయి రాలేదు. ఆమె కొడుకు, మా బావ, గల్ఫ్‌లో ఉంటాడు, ఇంట్లో అత్తాకోడళ్లు ఇద్దరే. అక్క ఆమెను కన్నతల్లిలా చూసుకుంది గానీ పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వలేదు. వేడి నూనె మీద పడుతుందని భయం. ఆ భయమూ తప్పు కాదు. మేనత్త మాత్రం లోలోపల కుమిలిపోయింది. నేను చూడడానికి వెళ్తే నా చేయి పట్టుకుని, "ఒక్కపారి నా చేత్తోని సర్వపిండి చేస్కొని తింటే సాలు బిడ్డా. గంతే," అన్నది. లేచి, ఆ బియ్యప్పిండి రొట్టె కాల్చే తన పాత పెంకను ఎడమచేత్తో ఎత్తబోయింది. అది లేవలేదు. పెంక వైపు కాకుండా గోడ వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది.

అప్పుడే ఒకసారి ఆమెను కామారెడ్డి తీసుకొచ్చాను. సేటు తేలికవన్నీ తెచ్చి ముందు పెట్టాడు. "అవ్వా, గివి ఎడమచేత్తోని అల్కగ లేస్తయ్." ఒకదాన్ని కణుపుతో కొట్టి చూసింది. గంటలా మోగింది. "చెయ్యి పోయింది గని నాలుక పోలే సేటూ," అని పక్కకు తోసింది. "నాకొక్కదానికి ఒక్క రొట్టె సాలు. ఎడల్పు తగ్గియ్యి, మందం తగ్గియ్యకు."

సేటు పై అరలోంచి చిన్నది, మందపాటిది ఒకటి దించాడు. మేనత్త దాని కాడ పట్టుకుంది. చేయి వణికింది, భుజం వణికింది, పెంక మాత్రం లేచింది. ఆమె కళ్లు నిండాయి, నావీ నిండాయి. సేటు పేరు కొట్టే మెషిన్ తీయబోతే ఆపింది. "గిప్పుడొద్దు. దీంట్ల నా చేత్తోని వండినంక వచ్చి కొట్టిచ్చుకుంట. వండకముందే పేరెందుకు?"

దినాలు అయిపోయాక అక్క ఆమె మంచం కింది నుంచి పాత చీరలో చుట్టిన పెంకను తీసింది. "ఒక్కనాడు గూడ పొయ్యెక్కలే చెల్లె. నువ్వే తీస్కపో," అంటూ ముడి విప్పింది.

వేడి తగిలిన స్టీలుకు వచ్చే నీలం, పసుపు రంగులు అడుగంతా పరుచుకుని ఉన్నాయి. మధ్యలో చిన్న చిన్న గోధుమరంగు గుండ్రాలు. సర్వపిండిని పెంకకు అద్దాక వేలితో చిల్లులు పొడిచి వాటిలో నూనె వేస్తారు. ఆ నూనె కాలి, చిల్లు పడ్డ చోటల్లా మరక మిగిలింది. కుడిచేత్తో మేనత్త పొడిచే చిల్లులు ముగ్గు చుక్కల్లా ఉండేవి. ఇవి వంకరటింకరగా ఉన్నాయి. ఒకటైతే అంచుదాకా జారిపోయింది.

"పోయే ముందల, నేను బీబీపేట పెండ్లికి పోయిన నాడే చేస్కున్నట్టుంది," అన్నది అక్క మెల్లగా. "పొద్దూకినంక వచ్చి అన్నం పెడ్తే, 'తిన్న, ఆకలి లేదు' అన్నది. ఇడిసి పోయినందుకు అలిగిందనుకున్ననే." అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. పెంకను ఒళ్లో పెట్టుకుని నేనూ ఏడ్చాను. దుకాణం తెరుస్తాడా అని అడిగిన ఆ గొంతులోని సంబరం ఏమిటో అప్పుడు అర్థమైంది. పేరు కొట్టించుకుని వచ్చి మాకు చూపించాలనుకుందేమో. ఒక్క ఆదివారం దాకా ఉండి ఉంటే చాలు కదా అని ఈనాటికీ నా గుండె తరుక్కుపోతుంది.

మేనత్తతో వెళ్లవలసిన దుకాణానికి మరో ఆదివారం ఒక్కదాన్నే వెళ్లాను. సేటు పెంకను గుర్తుపట్టాడు. జరిగింది చెప్తే పెంకను దగ్గరికి తీసుకుని లోపల చూశాడు. "లోపట మరకలున్నయమ్మా, తోమిపియ్యాల్నా?" అన్నాడు. వద్దన్నాను. మెషిన్ అందుకుని, "పైన జ్ఞాపకార్థం అని కొట్టాలె గదా?" అని అడిగాడు.

"వద్దు," అన్నాను. "ఉత్త పేరే కొట్టు. వండుకునే మనిషికి కొట్టినట్టు."

మెషిన్ జుయ్‌మంటుంటే పెంక కదలకుండా కాడ పట్టుకున్నాను. కొట్టడం అయ్యాక సేటు స్టీలు పొడిని ఉఫ్‌మని ఊది నా వైపు తిప్పాడు. అంచు మీద ఆమె పేరు తెల్లగా మెరుస్తోంది. లోపల ఆ వంకర గుండ్రాలు అలాగే ఉన్నాయి, ఒకటి అంచుదాకా జారి.