మా సార్ రాసిన జల్లెడ

ఉప్పుగూడలో మా సార్ ఇంటి కింది వాటాలో ఉండే ఆవిడ ఫోన్ చేసింది. "అన్నా, సార్ ఇగ లేడు. పొద్దుగాల చాయ్ ఇద్దామని పోతే లేవలే" అంది. "అట్లనా" అన్నాను.

కంచన్‌బాగ్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యాక ఆయన ఇంట్లోనే మాలాంటి వాళ్లకు కంప్యూటర్ పని నేర్పేవారు. చెత్త మెయిళ్లను ఏరిపారేసే ప్రోగ్రాం ఒకటి రాసి, ఎవరైనా చదివి, మార్చుకుని, ఊరికే వాడుకునేలా వదిలేశారు. దాన్ని జల్లెడ అనేవారు. అనుమానం వచ్చిన ప్రతి మెయిల్‌నీ, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తెరకు ముక్కు ఆనించి చదివేవారు. లాటరీ తగిలిందన్న మెయిల్ చూసి కూడా "పాపం, మంచిగ రాసిండు" అని మెచ్చుకునేవారు. ఆ తర్వాతే దాన్ని ఆపే నియమం రాసేవారు.

చూపు మసకబారాక జల్లెడ నా చేతిలో పెట్టారు. నాకు అంత ఓపిక ఎక్కడిది? బయటివాళ్లెవరో నడిపే బ్లాక్‌లిస్టును, అంటే చెత్త మెయిళ్లు పంపేవాళ్ల చిట్టాను, దానికి తగిలించాను. ఏ మెయిల్ వచ్చినా మా ప్రోగ్రాం వాళ్లను అడుగుతుంది, వాళ్లు చెడ్డదంటే చెత్తలో వేస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. సార్‌కి చెబితే పెద్ద లొల్లి అయింది.

"మంది రాసిన కోడ్ తీసుకో, వద్దన్ననా? సదువు, మన దగ్గర పెట్టుకో. గని దినాం ఒకర్ని అడిగి బతికే పని పెట్టుకోకు. మంది కండ్లతోని చూస్తే మనోడు గూడ దొంగ లెక్కనే కనవడ్తడు."

"ఒక్కొక్కటి సదివే రోజులు పోయినయ్ సార్. మీ కాలం అయిపోయింది" అన్నాను. అనకూడని మాట. నేను మళ్లీ అటు వెళ్లలేదు.

పోయిన నెల ఆ లిస్టువాళ్లు దుకాణం మూసేశారు. పోతూ పోతూ, ఎవరు ఏ మెయిల్ గురించి అడిగినా చెడ్డదే అని జవాబొచ్చేలా చేసి పోయారు. మా జల్లెడ నమ్మేసింది. నయాపూల్ నుంచి ఒక వకీలు గారి గుమాస్తా "భాయ్, ఏంది గిది? క్లయింట్ల మెయిళ్లన్ని చెత్తల పడ్తున్నయ్!" అని అరిచాడు. లిస్టు పీకేసి, వాడేవాళ్లందరికీ మీ చెత్త ఫోల్డర్ ఒకసారి వెతుక్కోండని రాశాను. నాది మాత్రం వెతకలేదు. సార్ అన్నదే నిజమైందని వెళ్లి చెప్పాలనిపించింది. కానీ ఇంత జరిగినా ఆయన ఒక్క ముక్క రాయలేదని ఉక్రోషం. రేపు, ఎల్లుండి అనుకుంటూనే ఉన్నాను. ఇంతలో ఫోన్ వచ్చింది.

సార్ దినాలు అయ్యాక ఇంటికొచ్చి చెత్త ఫోల్డర్ తెరిచాను. జల్లెడ చెడిపోయిన వారంలోవే, ఆయనవి రెండు మెయిళ్లున్నాయి. చూపు ఆనక, ఒక్కో అక్షరం ఇంత లావున పెట్టుకుని రాశారు.

"జల్లెడ ఆగమైందట గద. ఫికర్ చెయ్యకు, గిసొంటి తప్పులు నేను గూడ మస్తు చేసిన. రేపు రా, ఇద్దరం కూసొని సరిజేద్దాం."

రెండోది మర్నాటిది.

"రాలేదేంది బేటా? ఇంక కోపమేనా? తలుపుకు గడియ పెట్టలె. సీదా లోపటికి రా."